మీటకును తెరకును నడుమ

శ్రీనగర్ కాలనీ నుండి కృష్ణానగరు మీదుగా ఫిలింనగరు కొండ యెక్కువరకు గల ఆ కొద్ది మైళ్ల నేలమీద, సెకనులో ఇరువదినాలుగవ వంతు కాలమును గూర్చి మనుష్యులు కలహించుట నిత్యకృత్యము. డబ్బింగు థియేటరులో ఇంజనీరు “ఒక ఫ్రేము వెనక పడింది” అనును. చెప్పిన కళాకారుడు “లేదు సార్, పెదవి మూసిన చోటే పడింది” అని పట్టుపట్టును. తుదకు ఎడిటరు శబ్దపు ముక్కను ఎడమకు అణుమాత్రము జరిపి, ఇరువురికిని చూపి, తగవు తీర్చును. ఆ ఫ్రేమన 42 మిల్లీసెకనులు కూడ నిండని కాలము. బొమ్మను చూచి ఊరకుండు ప్రేక్షకుని కొరకే ఇంత పట్టింపు కల చోట, చూచుటతో తృప్తిపడక తానే మీట నొక్కి తెరమీది బొమ్మను గెంతించువాని కొరకు మరెంత పట్టింపు ఉండవలెనో ఊహింపవచ్చును. పాత వీడియో గేములను నేటి కంప్యూటర్లమీదను ఫోన్లమీదను ఆడించుటకై, ఆ పాత యంత్రము చేసిన పనినంతటిని సాఫ్ట్‌వేరు రూపమున అనుకరించు ఎమ్యులేటరులలో, మీట నొక్కినది మొదలు తెర మారునంతవరకు గడచు జాప్యమును ఆ రంగమువారు ఇన్‌పుట్ ల్యాగ్ అందురు. దానిని తగ్గించుటకై గడచిన పదునైదేండ్లలో జరిగిన కృషిని, అందులో నిజముగా ఫలించినదేదో, ఫలించినట్లు కనబడునదేదో విడదీసి చూచుట ఈ సమీక్షకు ఉద్దేశము.

మూలయంత్రమును తెలియక అనుకరణను తూచుట కుదరదు గనుక, ముందు దానిని చూతము. జపానులో 1983 జూలైలో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫామికాం అనెడి పెట్టె మనకు ఆ పేరుతో రాలేదు. దాని వేషాంతరములును నకళ్లును సమురాయ్, మీడియా మున్నగు పేర్లతో 1990ల నాటి తెలుగు ఇండ్లలో అడుగిడి, వేసవి సెలవులలో పిల్లలను మధ్యాహ్నపు టెండ నుండి ఇంటిలోనికి లాగినవి. వానిని తగిలించిన టీవీలలో, మన హైదరాబాదులోనే ఈసీఐఎల్ వారు తయారుచేసిన ఈసీ టీవీ వంటివియు ఉండెను. మన దేశపు టీవీ పద్ధతి పాల్. అందు సెకనుకు 50 పర్యాయములు తెర గీయబడును. జపానులోను అమెరికాలోను అది ఇంచుమించు 60. అక్కడి 60కి లెక్కగట్టి వ్రాసిన ఆటను ఇక్కడి 50కి అమర్చిన పెట్టెలో ఆడించినపుడు, అక్కడ ఒక సెకనులో ముగియు గెంతు ఇక్కడ 1.2 సెకనులు పట్టును. కాంట్రా ఆటలోని సైనికుడు మన పిల్లలకు కొంత తీరికగా పరుగెత్తెను, వాని సంగీతము కొంత మందముగా మ్రోగెను; అదియే దాని సహజగతి యని మనము నమ్మితిమి. నేడు ఎమ్యులేటరులో ఆ ఆటను తొలిసారి 60తో ఆడిన నలువదేండ్లవాడు “చేయి అందటం లేదు” అనినచో, అందు ల్యాగు పాలెంత, గతిభేదపు పాలెంత అని విచారింపక తప్పదు.

ఫామికాం కంట్రోలరును విప్పి చూచినచో అందు ఒక్కటే చిప్పు కనబడును. 4021 అను సంఖ్యగల సామాన్యమైన షిఫ్ట్ రిజిస్టరు అది. నకళ్లలో దాని స్థానమున నల్లని జిగురు బొట్టు క్రింద దాచిన మరొకటి యుండెడిది. ఎనిమిది మీటల తీగలును దానిలోనికే పోవును. ఆటప్రోగ్రాము ఒక చిరునామాలో మొదట 1, పిమ్మట 0 వ్రాయగానే, ఆ క్షణమున ఏ మీట నొక్కబడియున్నదో ఆ చిప్పు పట్టి నిలుపుకొనును. ప్రోగ్రాము అదే చిరునామాను ఎనిమిది సార్లు చదువగా, ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, క్రిందికి, ఎడమకు, కుడికి అను వరుసలో ఒక్కొక్క మీట సంగతి బయటపడును. ఇదంతయు మైక్రోసెకనుల పని. నడుమ మరొక ప్రోగ్రాము లేదు, క్యూ లేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు.

తెర వైపు కూడ ఇంతే. ఆ పెట్టెలో పనికి 2 కిలోబైట్లు, చిత్రముల అమరికకు మరొక 2 కిలోబైట్లు జ్ఞాపకశక్తి మాత్రమే గలదు. 256 చుక్కల వెడల్పు, 240 గీతల ఎత్తుగల ఒక పూర్తి తెరను, చుక్కకొక్క బైటు చొప్పున దాచుకొనవలెనన్నను అరువది వేలకు పైగా బైట్లు కావలెను. కాన అది ఏ చిత్రమును దాచుకొనదు. టీవీలోని ఎలక్ట్రాను ధార ఒక్కొక్క గీతను 64 మైక్రోసెకనులలో గీయుచుండగా, ఆ గీతకు కావలసిన రంగులను ఆ యంత్రము అప్పటికప్పుడు తయారుచేసి అందించును. దాచుకొను శక్తి లేకుండుటచేతనే ఆలస్యము చేయు శక్తియు దానికి లేకపోయినది. ఆట మీటలను చదువుట సాధారణముగా తెర ముగిసి మరల మొదలగు విరామమున జరుగును గనుక, నొక్కిన క్షణము నుండి చదువుటకు సగటున అర ఫ్రేము, లెక్క కట్టి బొమ్మను కదిలించుటకు ఒక ఫ్రేము, ధార తెర నడిమికి వచ్చుటకు మరొక అర ఫ్రేము, మొత్తము రెండు ఫ్రేములు పట్టును. 60తో అది 33 మిల్లీసెకనులు. మన 50తో 40. కొన్ని ఆటలు తమ సొంత కట్టడిచేత మరొకటి రెండు ఫ్రేములు కలుపుకొనును, అది వ్రాసినవాని పాపము. డాన్ లూ అను ఇంజనీరు 2017లో అనేక కంప్యూటర్లను కొలిచి, ఫామికాం పుట్టిన 1983లోనే వచ్చిన యాపిల్ టూ-ఈ అను యంత్రము, కీ నొక్కిన 30 మిల్లీసెకనులలో అక్షరమును తెరమీద చూపుననియు, అతడు పరీక్షించిన కొత్త యంత్రములలో దానిని మించినది లేదనియు ప్రకటించినపుడు పలువురు ఆశ్చర్యపడిరి గాని, పై నిర్మాణమును ఎరిగినవారికి అందు వింత లేదు.

ఇక నేటి యంత్రమును చూడుడు. కంట్రోలరును కంప్యూటరు యూఎస్‌బీ ద్వారా, వేరుగా అమర్చనిచో సెకనుకు 125 సార్లు పలుకరించును, అనగా 8 మిల్లీసెకనులకు ఒక్కసారి. ఆ వార్తను ఆపరేటింగ్ సిస్టము స్వీకరించి ఎమ్యులేటరుకు అందించును. ఎమ్యులేటరు ఫ్రేము ఆరంభమున మీటలను చదివి, పదహారు మిల్లీసెకనుల ఆటను రెండు మూడు మిల్లీసెకనులలో లెక్కగట్టివేసి, పూర్తియైన చిత్రమును గ్రాఫిక్సు డ్రైవరు చేతిలో పెట్టును. డ్రైవరు, తెర ఎన్నడును ఖాళీగా నుండరాదను సదుద్దేశముతో, రెండు మూడు చిత్రములను క్యూలో నిలుపును. విండోస్ విస్టా నాటినుండి డెస్క్‌టాపును కూర్చెడి కంపోజిటరు అనునది తన వంతు మరొక ఫ్రేమును తీసికొనును. తుదకు టీవీ ఆ చిత్రమును అందుకొని, పెద్దది చేసి, పదును పెట్టి, రంగు దిద్ది, కదలికను నునుపు చేయుటకై ముందు వెనుకల చిత్రములను పోల్చి చూచి, అప్పటికి చూపును. ఈ దిద్దుబాట్లను మానిపించు గేమ్ మోడు అను అమరిక లేని టీవీలలో ఈ కడపటి యలంకారమొక్కటియే 100 మిల్లీసెకనులు దాటుట అరుదు కాదు. వీరిలో ఎవ్వరును సోమరులు కారు. ప్రతివాడును తన పని చక్కగా జరుగవలెనని కొంచెము కాచుకొనును, ఆ కాచుకొనుటలన్నియు మీట నొక్కినవాని లెక్కలో పడును. కోఠీ గుజరాతీ గల్లీ వంటి చోట్ల వేల ఆటలు నింపి చౌకగా అమ్మెడి గేమ్ స్టిక్కులలో, వైర్‌లెస్ కంట్రోలర్ల వలన కలుగు ఆలస్యము కూడ దీనికి తోడగును. మారియో గోతిలో పడిన పిమ్మట గెంతుట అట్లే సంభవించును.

తుపాకితో బాతులను కొట్టెడి డక్ హంట్ ఆట ఈ విషయమును ఏ కొలబద్దయు లేకుండ రుజువు చేయును. ట్రిగ్గరు నొక్కగానే ఆట ఒక ఫ్రేము తెరనంతను నల్లగా జేసి, మరుసటి ఫ్రేమున బాతు ఉన్నచోట తెల్లని చతురస్రమును గీయును. తుపాకి గొట్టములోని కాంతిగ్రాహకము ఆ ఫ్రేములోనే వెలుగును చూచినచో బాతు పడినట్లు. తుపాకి గుండు విడువదు, వెలుగును చూచును, అంతే. ఆ గ్రాహకము ట్యూబు టీవీ గీతల వేగమునకే స్పందించునట్లు అమర్పబడినది. అదిగాక, చిత్రము ఒక్క ఫ్రేము ఆలస్యముగా వచ్చినను అది చూచు సమయమునకు తెర ఇంకను నల్లగానే యుండును. అందుచేత నాటి తుపాకిని నేటి పలుచని టీవీకి గురిపెట్టినచో ఒక్క బాతును పడదు. మనుష్యుని చేయి ఆలస్యమును కొంతవరకు క్షమించును గాని, ఆ తుపాకి క్షమింపదు.

మనుష్యుని చేయి క్షమించునది ఎంతవరకు? ఇచ్చట ప్రసార రంగపు ప్రమాణములను తెచ్చి చూపువారు కలరు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ సిఫారసు ననుసరించి శబ్దము చిత్రమునకు 40 మిల్లీసెకనులు ముందుగాను 60 మిల్లీసెకనులు వెనుకగాను మించి జరుగరాదు. అయితే అది చూచువాని ప్రమాణము, చేయువానిది కాదు. చేయువాని బాధ డబ్బింగు గదిలో కనబడును. కళాకారుని గొంతు మైకు నుండి కంప్యూటరులోనికి పోయి, మరల హెడ్‌ఫోనులోనికి వచ్చునపుడు, సెకనుకు 48,000 నమూనాల లెక్కన 1,024 నమూనాల బఫరు పెట్టినచో ఒక్క త్రోవకే 21 మిల్లీసెకనులు, రాకపోకలకు రెండింతలు. తన మాట తనకే గుహలోనుండి వచ్చినట్లు విని అతడు సన్నగా తడబడును. ఇంజనీరు బఫరును 64కు దించగానే త్రోవకు 1.3 మిల్లీసెకనులై ఆ మాట తిన్నబడును. ఎవని మాటను వానికే సెకనులో సుమారు అయిదవ వంతు ఆలస్యముగా వినిపించినచో ఆరోగ్యవంతుడు కూడ నత్తివానివలె తడబడునని బెర్నార్డ్ లీ 1950లోనే ప్రకటించియున్నాడు.

ఐనను ఇందులో ఒక సూక్ష్మము గలదు; ఈ వ్యాసకర్త అభిప్రాయమున ఈ ప్రశ్నకంతటికిని అదియే కీలకము. పాటల చిత్రీకరణలో స్పీకరు నుండి 34 మీటర్ల దూరమున నిలిచిన వెనుక వరుస నర్తకులకు తాళము పదవ వంతు సెకను ఆలస్యముగా చేరును. అయినను వారు నేర్పరులైనచో రెండు టేకులలో సర్దుకొని, శబ్దము వినకమునుపే అడుగు వేయ నేర్తురు. ఏలయన ఆ ఆలస్యము మారదు. అదే ఆలస్యము ఒక చరణమున 60, మరొక చరణమున 110 మిల్లీసెకనులుగా ఊగులాడినచో, సగటు తగ్గినను వారి అడుగు కుదురదు. ఎమ్యులేటరు విషయమునను ఇంతే. స్థిరమైన జాప్యమును చేయి కొన్నాళ్లలో మ్రింగివేయును. అస్థిరమైనదానిని ఎన్నటికిని జీర్ణించుకొనలేదు. ఔత్సాహికుల చర్చలందు సగటు అంకెకు లభించిన గౌరవము ఈ ఊగులాటకు లభింపకపోవుట వలననే, మిల్లీసెకనులు తగ్గించితిమని చాటెడి పలు అమరికలు చేతికి మాత్రము హితవుగా నుండవు.

ఈ ఊగులాటకు ప్రధానకారణము రెండు గడియారముల పొరపొచ్చెము. ఫామికాం అసలు వేగము సెకనుకు 60.0988 ఫ్రేములు, మన మానిటరు 60. ఈ స్వల్పభేదము చేరి చేరి ప్రతి పది సెకనులకు ఒక్క ఫ్రేము జారును. ఆర్కేడు యంత్రములలో పరిస్థితి మరింత విషమము. మోర్టల్ కాంబాట్ సుమారు 54.7తో నడచును గనుక, దానిని 60 తెరమీద యథాతథముగా నడిపినచో సెకనుకు అయిదుసార్లు ఒక చిత్రము రెండుమార్లు కనబడును. తెర వేగమునకే ఆటను కట్టివేసినచో శబ్దము తెగును, శబ్దమునకు కట్టివేసినచో తెర చీలును. ఈ చిక్కును నేర్పుగా విప్పినవాడు, 2010లో మొదలై 2012లో రెట్రోఆర్క్ అను పేరు దాల్చిన ప్రోగ్రామునకు కర్తయైన హాన్స్-క్రిస్టియన్ ఆర్న్‌ట్‌జెన్. ఆటను తెరకు కట్టి, శబ్దపు బఫరు నిండుచున్నదా ఖాళీయగుచున్నదా అని కనిపెట్టుచు, శబ్దవేగమును నూటికి అరవంతు మించకుండ అటునిటు సవరించు పద్ధతిని అతడు 2012లో వివరించెను. స్వరములో అంత స్వల్పభేదమును వినువాని చెవి పట్టలేదు, చేతికి మాత్రము ఫ్రేములు సమముగా అందును. దీనిని జాప్యము తగ్గించు పద్ధతులలో చేర్చి చెప్పువారు అరుదు. నేను మాత్రము దీనికి మొదటి పీట వేయుదును, ఏలయన దీని తరువాతి ఉపాయములన్నియు ఇది కుదుర్చిన నేలమీదనే నిలిచినవి. వేరియబుల్ రిఫ్రెష్ మానిటర్లు, 2013లో జీ-సింక్ గాను, 2015 నుండి ఫ్రీసింక్ గాను, ఆ చిక్కును యంత్రము వైపునుండి తీర్చినవి. చిత్రము సిద్ధమైనపుడే తెర గీయబడును గనుక 50 గాని 54.7 గాని 60.0988 గాని వానికి సమానమే. పైగా 144 వేగము గల తెర ఒక చిత్రమును 7 మిల్లీసెకనులలో పైనుండి క్రిందివరకు గీయును. చేతిలో డబ్బు గలవానికి ఇంతకంటె సులభోపాయము లేదు.

డబ్బు లేనివానికి మొదటి ఉపదేశములు చప్పగా నుండును గాని ఫలించును: టీవీలో గేమ్ మోడు పెట్టుకొనుట, తీగగల కంట్రోలరు వాడుట, డెస్క్‌టాపు లేని లినక్సు మీద ఎమ్యులేటరును నేరుగా నడుపుట, డ్రైవరు క్యూలోని చిత్రముల సంఖ్యను మూడు నుండి రెండుకు దించుట. కేవలము టీవీ అమరిక మార్చుటచే లభించు లాభము, రాత్రులు మేల్కొని సాధించెడి సూక్ష్మోపాయములన్నింటి మొత్తముకంటె ఎక్కువ యగుట కలదు. దీనిని చేయక, ముందు వివరింపబోవు రన్-అహెడ్ అను ఉపాయము వంక పరుగెత్తువారు పెక్కురు.

ఆ పిమ్మట వచ్చునది ఫ్రేము డిలే. పేరులోనే డిలే అని యుండుటచే కొత్తవారు దీనిని చూచి బెదరుదురు. పైన చెప్పినట్లు ఎమ్యులేటరు ఫ్రేము మొదటనే మీటలను చదివి, మూడు మిల్లీసెకనులలో పని ముగించి, మిగిలిన పదమూడును ఊరక కూర్చుండును. ఆ కూర్చుండుటను ముందుకు జరిపి, మొదట పన్నెండు మిల్లీసెకనులు కాచుకొని, పిమ్మట మీటలను చదివి, గడువుకు సరిగా ముందు చిత్రమును అందించినచో, చదివిన మీటకును చూపిన తెరకును నడుమ పన్నెండు మిల్లీసెకనులు ఆదా యగును. పరీక్షకు ముందురోజు రాత్రి చదువుకొను విద్యార్థి పద్ధతి యిది, అందరికిని చెల్లదు. లెక్క ఎప్పుడైన అయిదు మిల్లీసెకనులు పట్టినచో గడువు తప్పి చిత్రము జారును, అనగా సగటు తగ్గించబోయి ఊగులాటను తెచ్చుకొన్నట్లగును. గడువు తప్పిన ప్రతిసారి ఆ కాచుకొనుటను తానే తగ్గించుకొను స్వయంచాలిత పద్ధతి తరువాత చేర్పబడినది. ఐనను నా మతమున యంత్రము ఓర్చుకొనుదానికంటె రెండు మిల్లీసెకనులు తక్కువగా చేతితో స్థిరపరచుటయే మేలు.

ఇంకను ముందుకు పోయి, పూర్తి ఫ్రేము కొరకు కాచుకొనుటనే మానివేయరాదా అని ప్రశ్నించినవారు ఉన్నారు. కామడోర్ అమిగా యంత్రమును అనుకరించు విన్‌యూఏఈ ఎమ్యులేటరులో టోనీ విలెన్ 2018లో ప్రవేశపెట్టిన పద్ధతి అట్టిది. తెరను అడ్డముగా కొన్ని పట్టీలుగా కోసి, మానిటరు గీయుచున్న గీతకు కొంచెము ముందుగా మాత్రము ఒక్కొక్క పట్టీని తయారుచేసి పంపుట దాని మర్మము. పాత యంత్రమునకు దారిద్ర్యముచేత అబ్బిన గుణమును ఇచ్చట సంపన్నయంత్రము వ్రతము పట్టి సాధించినది. సిద్ధాంతరీత్యా ఇంతకంటె నిజాయితీ గల పద్ధతి నాకు కనబడదు: ఇది దేనిని దాచదు, దేనిని ఊహింపదు, మూలయంత్రపు కాలమును గీతగీతగా తిరిగి తెచ్చును. కాని ఎమ్యులేటరు హృదయమునే మార్చి వ్రాయవలసియుండుటచేతను, గ్రాఫిక్సు కార్డు ఏ గీతవద్ద నున్నదో నిక్కముగా తెలియవలసియుండుటచేతను, ఇది ఎల్లెడల వ్యాపింపలేదు.

వ్యాపించినది రన్-అహెడ్. డ్వెడిట్ అను పేరుతో వ్రాయు ప్రోగ్రామరు కృషిచే 2018లో రెట్రోఆర్క్‌లో చేరిన ఈ పద్ధతి, ఎమ్యులేటరుకు గల ఒక అపూర్వశక్తిని, అనగా యంత్రపు స్థితినంతను ఏ క్షణముననైన దాచి మరల తెచ్చుకొనగల శక్తిని, ఆధారము చేసికొన్నది. ఒక ఆట సొంత కట్టడిలోనే రెండు ఫ్రేముల జాప్యము గలదనుకొందము. ఎమ్యులేటరు మీటలను చదివి ఒక ఫ్రేము నడిపి, ఆ స్థితిని దాచి, అవే మీటలు ఇంకను నొక్కియున్నట్లు భావించి మరి రెండు ఫ్రేములు చాటుగా నడిపి, ఆ కడపటి చిత్రమును మాత్రము తెరకు పంపి, దాచిన స్థితికి వెనుకకు మరలును. అప్పుడు మూలయంత్రమున మూడవ ఫ్రేమునకు గాని కనబడని గెంతు మొదటి ఫ్రేముననే కనబడును. దీని వంశవృక్షము నెట్ ఆటలలో గలదు: టోనీ కానన్ 2006లో రచించిన జీజీపీఓ, దూరముననున్న ప్రత్యర్థి మీటలను ముందుగా ఊహించి ఆటను నడిపి, ఊహ తప్పినచో వెనుకకు పోయి సరిదిద్దుకొనెడి పద్ధతిని పోరాటపు ఆటల లోకమున స్థిరపరచెను. 2023లో రెట్రోఆర్క్‌లో వచ్చిన ప్రీఎంప్టివ్ ఫ్రేమ్స్ అను సవరణ, మీట మారినపుడు మాత్రమే వెనుకకు పోయి నడచి వచ్చును గనుక, ప్రతి ఫ్రేమునకు మూడింతలు శ్రమించు భారమును తప్పించినది.

ఫలితము అద్భుతమని అంగీకరింపక తప్పదు. కాని ఇచ్చట రెండు చిక్కులు. ఆటలోని సొంత జాప్యము ఒక ఫ్రేమై, మనము రెండు పెట్టినచో, గెంతుటలోని మొదటి భంగిమ ఎగిరిపోయి బొమ్మ గాలిలో ప్రత్యక్షమగును. ప్రతి ఆటకును ఫ్రేమొక్కొక్కటిగా జరిపి చూచి విడివిడిగా లెక్క కట్టవలెను, ఒకే ఆటలో పటము చూపు తెరకును పోరాటపు తెరకును లెక్క వేరగుటయు కలదు. రెండవ చిక్కు మర్యాదకు సంబంధించినది. ఎల్‌సీడీ తెర, క్యూ, కంపోజిటరు కలిసి తినివేసిన రెండు ఫ్రేములను దీనితో తిరిగి రాబట్టుకొని మూలయంత్రపు 33 మిల్లీసెకనులకు చేరినచో అది న్యాయము. మంచి తెర, సన్నని క్యూ ఉండియు, పైపెచ్చు రన్-అహెడ్ పెట్టుకొని మూలయంత్రముకంటె వేగముగా స్పందించు ఆటను ఆడుట వేరొక ఆటను ఆడుటయే. అందులోని శత్రువుల వేగమును, అంతరములను ఆ జాప్యమును ఎరిగియే నాటి రచయితలు తూచియుండిరి. బాలునికి ఆట అందుబాటులోనికి తెచ్చుటకై అట్లు చేయుటను నేను తప్పుపట్టను. రికార్డు నెలకొల్పితినని చెప్పుకొనువాడు మాత్రము ముందుగా ఆ సంగతి చెప్పవలెను.

ఎఫ్‌పీజీఏ చిప్పులమీద పాత యంత్రమును సర్క్యూటు రూపముననే తిరిగి కట్టుట మరొక మార్గము. అలెక్సీ మెల్నికోవ్ 2017లో ప్రారంభించిన మిస్టర్ ప్రాజెక్టు దీనికి ప్రసిద్ధోదాహరణము. ట్యూబు టీవీకి తగిలించి, పాత కంట్రోలరునే నేరుగా అతికించు అడాప్టరు వాడినచో మూలయంత్రపు కాలము అక్షరాలా తిరిగివచ్చును. అయితే ఈ పెట్టెను కొని, సామాన్యమైన టీవీకి హెచ్‌డీఎమ్ఐ తీగతో తగిలించి, బ్లూటూత్ కంట్రోలరుతో ఆడి, ఇక ల్యాగు లేదని మురియువారిని చూచినచో జాలి కలుగును; గొలుసులో ఒక కడియము మాత్రమే బంగారమైనది.

కొలుచుట విషయమున రెండు మాటలు. మీటకు చిన్న ఎల్‌ఈడీని అతికించి, అది వెలుగుటయు తెర మారుటయు ఒకే దృశ్యమున పడునట్లు ఫోనులోని 240 ఫ్రేముల స్లో మోషనులో తీసినచో, నడుమ ఫ్రేములను లెక్కించుటచే 4 మిల్లీసెకనుల కొలత లభించును. ఫిలింనగరులో పోరాటదృశ్యములకు అద్దెకు తెచ్చెడి ఫాంటమ్ కెమెరా 1,000 ఫ్రేములు తీయుటచే ఒక్క మిల్లీసెకనును కొలుచును గాని, ఈ పనికి దాని అద్దె కట్టువాడు ఉండడు. ఏ సాధనమైనను ఒక్కసారి కొలిచిన అంకెకు విలువ లేదు. మీట నొక్కిన క్షణము ఫ్రేములో ఎచ్చటనైనను పడవచ్చును గనుక అనేక పర్యాయములు కొలిచి, అతి తక్కువను అతి ఎక్కువను సగటుతోపాటు చెప్పవలెను. ఆ రెండింటి నడుమ ఎడము ఒక ఫ్రేమును మించినచో ఎక్కడనో ఊగులాట గలదని నిశ్చయింపవచ్చును.

ఈ ప్రశ్న నేడు ఆటల హద్దు దాటి మన స్టూడియోలలోనే మరొక వేషమున ప్రత్యక్షమైనది. 1976లో నెలకొన్న అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఇటీవల వెలసిన వర్చువల్ ప్రొడక్షన్ వేదిక వంటి చోట్ల, నటుని వెనుక ఎత్తైన ఎల్‌ఈడీ గోడ యుండును. కెమెరా కదలినపుడెల్ల దాని స్థానమును సెన్సారులు కనిపెట్టి, గేమ్ ఇంజన్ ఆ కోణమునకు తగిన దృశ్యమును లెక్కగట్టి గోడమీద చూపును. మీటకు బదులు కెమెరా, టీవీకి బదులు గోడ. తక్కిన గొలుసంతయు అదియే. కొన్ని ఫ్రేముల జాప్యము ఇచ్చటను తప్పదు, కెమెరాను విసురుగా త్రిప్పినచో వెనుకనున్న కొండ ఆలస్యముగా జరుగును. అందుకు వారు కెమెరాను నెమ్మదిగా త్రిప్పుదురు, కెమెరా కంటికి కావలసినదానికంటె విశాలముగా దృశ్యమును గీయుదురు, లేదా కెమెరా ఎటు పోవునో ముందే అంచనా కట్టుదురు. ఈ మూడవది రన్-అహెడ్‌కు దాయాదియే, కాని నష్టజాతకము గలది: మీట యన్నది నొక్కబడియుండును లేదా యుండదు, తరువాతి ఫ్రేమునను అట్లే యుండుననుట చాలవరకు నిజమగును, కెమెరామను భుజము అట్లు మాట నిలుపుకొనదు.

తిరిగి ఆటలకు వచ్చినచో, ఇంతవరకు చెప్పిన విజయములన్నియు ఎక్కువగా 1980లలోను 1990ల తొలిభాగమునను వచ్చిన చిన్న యంత్రములవి. వాని స్థితిని దాచుట కొద్దిపాటి కిలోబైట్ల పని, ఒక ఫ్రేము నడుపుట రెండు మిల్లీసెకనుల పని. 1994 నాటి ప్లేస్టేషన్ ప్రధానస్మృతి 2 మెగాబైట్లు, దానికి తోడు చిత్రములకొక మెగాబైటు; 2000 నాటి ప్లేస్టేషన్ 2కు 32 మెగాబైట్లు. ప్రతి ఫ్రేమునకు అంత స్థితిని దాచి, రెండు మూడు పర్యాయములు నడిపి, మరల వెనుకకు తెచ్చుట సామాన్యమైన కంప్యూటరునకు మోయరాని బరువు. అందులో చాల భాగము గ్రాఫిక్సు కార్డులో చిక్కియుండుటచే దానిని వెలికి తెచ్చుట ఇంకను కష్టము. ఆ తరపు త్రీడీ ఆటలలో పెక్కు సెకనుకు 30 ఫ్రేములతో నడచుచు, తమ కట్టడిలోనే మూడు నాలుగు ఫ్రేములు కాచుకొనును గనుక, మందు ఎక్కడ అధికముగా కావలెనో అక్కడనే అది దుర్లభమైనది. ప్రస్తుతమునకు వానిని ఆడదలచినవారికి తీగగల కంట్రోలరు, రెండు చిత్రములకు దించిన క్యూ, గడువు తప్పని మట్టుకు ఫ్రేము డిలే, వేగముగల తెర, ఈ నాలుగే దిక్కు.